డాక్టరుకి నేను చెప్పిన పొద్దున్న

"ఆయన్ని చివరిసారి మామూలుగా ఎప్పుడు చూశారమ్మా?" అని అడిగాడు డాక్టరు. కుర్రవాడే, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసుంటుంది. రాజమండ్రి ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డు మంచం పక్కన నిలబడి ఉన్నాను. మంచం మీద మా ఆయన. మూతి ఎడమవైపుకి లాగేసింది, కుడిచెయ్యి తనది కానట్టు పక్కన పడి ఉంది. మజ్జిగ గ్లాసు ఇస్తే ఆ చేతిలోంచి జారిపోయింది. అప్పుడే నాకు తెలిసింది. కొవ్వూరులో ఆటో ఎక్కించి, వంతెన దాటించి తీసుకొచ్చాను.

నేను తడుముకోలేదు. టీచరుగా రిటైరైనదాన్ని, ప్రశ్న వేస్తే జవాబు చెప్పకుండా ఉండటం నావల్ల కాదు. "ఆరున్నరకండీ. రోజూలాగే కుటుంబ ప్రార్థనలో బైబిలు వాక్యం చదివారు, ఒక్క మాట తడబడలేదు. తర్వాత ఇడ్లీ తిన్నారు. చట్నీలో ఉప్పెక్కువైందన్నారు కూడా" అన్నాను. అబద్ధమని నాకు తెలియదు. చెబుతుంటే ఆ గొంతు నా చెవుల్లో వినబడుతూనే ఉంది.

డాక్టరు వాచీ చూసుకున్నాడు. పక్షవాతం తెచ్చిన రక్తపు గడ్డని కరిగించే ఇంజక్షన్‌కి ఇంకా కాస్త టైముందన్నాడు. టైము దాటాక ఇస్తే మెదడులో రక్తం కారి ప్రాణానికే ముప్పట. "అందుకే మళ్ళీ అడుగుతున్నానమ్మా. ఇదంతా ఈరోజు పొద్దున్నేనా?"

"ఈరోజే బాబూ. మతి లేకుండా మాట్లాడతానా ఏంటి? ముందు ఇంజక్షన్ ఇవ్వండి."

మా ఆయన తల అడ్డంగా ఊపారు. నోరు కూడదీసుకుని ఏదో అన్నారు. అర్థం కాలేదు. మళ్ళీ అన్నారు. "నిన్న."

"మీరు ఊరుకోండి. మీకిప్పుడేం గుర్తుంటుంది?" అని కసిరాను. దెబ్బ తగిలింది ఆయన మెదడుకి, నాది శుభ్రంగా ఉందనుకున్నాను. డాక్టరుతో కూడా, "ఆయన మాట పట్టించుకోకండి" అన్నాను.

డాక్టరు నన్ను వదిలేసి ఆయన మీదికి వంగాడు. "ఇడ్లీ తిన్నది నిన్నాండీ?" ఆయన కళ్ళు మూసి తెరిచారు. "మరి ఇవాళేం తిన్నారు?" ఆయన నావైపు చూశారు.

అప్పుడు గుర్తొచ్చింది. ఇవాళ పిండి లేదు, ఉప్మా చేశాను. ప్లేటు ఆయన ముందు పెట్టి వెళ్ళాను. మళ్ళీ వచ్చి చూస్తే అలాగే ఉంది. చల్లారిపోతుందని మూత పెట్టానే గానీ, ఎందుకు తినలేదని అడగలేదు. ఆయన మొహం వంక చూశానా? ఎంత వెతికినా ఇవాళ్టి మొహం దొరకలేదు. "ఆయన చెప్పిందే నిజమండీ" అన్నాను. పక్షవాతం నిద్రలోనే వచ్చి ఉండొచ్చని, ఎంతసేపైందో తెలియనప్పుడు ఇవ్వకూడదని ఇంజక్షన్ ఆపేశారు. నా మాట నమ్మి ఉంటే ఏమయ్యేదో!

మర్నాడు డాక్టరే నన్ను ఓదార్చాడు. "ఒకేలా గడిచే రోజుల్ని మెదడు విడివిడిగా దాచుకోదమ్మా, కలిపేస్తుంది. జ్ఞాపకం మీద తారీఖు వేసి ఉండదు. కొత్తగా ఏదైనా గమనిస్తేనే ఆ రోజు విడిగా మిగులుతుంది. లేకపోతే అడిగినప్పుడు పాతదే తీసి ఇచ్చేస్తుంది. ఇందులో మీ తప్పేం లేదు."

ఆ చివరి మాట గట్టిగా పట్టుకున్నాను. పలకరించడానికి వచ్చిన మా చర్చి సంఘం వాళ్ళందరికీ మెదడు గురించి పాఠం చెప్పాను. మెదడు అంతేనటండీ, ఎవరికైనా అంతేనట అన్నాను. ఆయన్ని కసిరిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పక్కనే మంచం మీద ఆయన వింటూనే ఉన్నారు. అలా ఎలా మాట్లాడగలిగానో, ఛీ, నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కొన్ని నెలలకి ఆయనకి మాటలు తిరిగి రావడం మొదలైంది. ఒక్కో మాటా వెతుక్కుంటూ తెచ్చుకుంటారు. ఒకరోజు మధ్యాహ్నం చెయ్యి మర్దనా చేస్తూ అడిగాను.

"ఆ రోజు పొద్దున్న అసలేం జరిగిందండీ?"

"పుస్తకం తెరిచాను. అక్షరాలు... కలవలేదు. గొంతు రాలేదు. నువ్వొస్తావని కూర్చున్నాను."

"నేను వంటింట్లో ఉన్నాను కదండీ. మీరు పిలిస్తే..." అన్నాను. పిలవడానికి ఆయనకి గొంతెక్కడిదని అన్నాక గానీ తోచలేదు.

"పిలుద్దామనే చూస్తున్నాను" అన్నారు. గొంతులో కోపమేమీ లేదు. "ఇంతలో నువ్వు రోజూలాగే లోపల్నించి ఆమేన్ అన్నావు. సరే, అయిపోయింది కాబోలని... పుస్తకం మూసేశాను."