నలభై సెకన్ల కొలత

ఓటమి నాకు కొత్త కాదు. ఓడిన తీరును కాగితం మీద తప్పుగా రాశారు చూడండి, దానికి ఈనాటికీ ఒళ్లు మండుతుంది.

2011లో మా ఆఫీసు శంషాబాద్‌లో హైవే పక్కన రెండో అంతస్తులో ఉండేది. విమానం దిగినప్పుడల్లా కిటికీ అద్దాలు గలగలలాడేవి, ఫోన్లో ఉన్నవాళ్లు మాట మధ్యలో ఆగి మళ్లీ అందుకునేవారు. కొత్తూరు వైపు ఫ్యాక్టరీలకు స్థలాలు కొలిచే పని మాది. ఒకే హద్దురాయిని నాలుగు వైపుల నుంచి కొలిస్తే నాలుగు లెక్కలు వస్తాయి, ఏ రెండూ కలవవు. అన్నిటితోనూ తేడా అతి తక్కువగా ఉండే చోటును వెతికి పట్టుకోవాలి. తప్పుల వర్గాల మొత్తం కనిష్ఠం కావాలంటారు పుస్తకాల్లో. వేల రాళ్లకు ఈ లెక్క చేత్తో అయ్యేది కాదు. ఏడాది పాటు కూర్చుని నేనే ఒక ప్రోగ్రాం రాశాను.

అప్పుడే ఒక కంపెనీ ప్రతినిధి తన సాఫ్ట్‌వేర్ పట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ మడత చెడని చొక్కా, అంతకంటే మడత చెడని మాట. మా యజమాని పక్క ఊరి రైతు కుటుంబం మనిషి. రెండింటికీ పోటీ పెడదామని, గెలిచినదాన్నే మా మూడు ఆఫీసుల్లోనూ వాడదామని, ఫలితం కాగితం మీద రాసి మిగతా రెండు ఆఫీసులకూ పంపుదామని అన్నాడు. ఒకే కంప్యూటరు, అవే కొలతలు. అందరూ చుట్టూ మూగారు. అతనిది నలభై సెకన్లలో ముగిసింది. నాది ఆరు నిమిషాలు పట్టింది. మధ్యలో ఒకాయన వెళ్లి చాయ్ తాగి వచ్చి, ఇంకా కాలేదా అని అడిగాడు. సాయంత్రానికల్లా నా ప్రోగ్రాంకు ఎద్దులబండి అని పేరు పెట్టేశారు. రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూద్దామని ఒక్కరంటే ఒక్కరికి తోచలేదు.

నేను చూశాను. కొన్ని రాళ్లు జానెడు తేడాలో ఉన్నాయి. సెట్టింగులు తెరిస్తే సంగతి బయటపడింది. ఈ లెక్క ఒక్కసారిలో తేలదు, వచ్చిన జవాబునే మళ్లీ మళ్లీ సవరిస్తూ పోవాలి. ఎక్కడ ఆగాలో మనమే చెప్పాలి. నాది సవరణ వెంట్రుకవాసికి తగ్గేదాకా ఆగదు. అతనిది జానెడుకు తగ్గగానే చాలనుకుంటుంది. ఉడికీ ఉడకని అన్నం దించేసి వంట ముందు నాదే అయిందంటే ఎవరైనా ఒప్పుకుంటారా? మా ఆఫీసు ఒప్పుకుంది.

ఇంట్లో అన్నం తింటూ అందరినీ తిట్టిపోశాను. మా బాపుకు కంప్యూటరు తెలియదు. పొలం పంపకాలు తెలుసు. మా ఊళ్లో అన్నదమ్ముల వాటాలు రెండూ ఒకే గొలుసుతో కొలుస్తారు. మధ్యలో గొలుసు మారితే మొదటి నుంచీ మళ్లీ కొలవాల్సిందే. ఆయన ముద్ద చేతిలోనే ఆపి అన్నాడు:

"గొలుసు ఒక్కటే ఉండాలె బిడ్డా. రెండు గొలుసులు పట్టుకొస్తే అది కొలుచుడు కాదు, కొట్లాట."

మర్నాడు రెండూ వెంట్రుకవాసి దగ్గరే ఆగేలా పెట్టి మళ్లీ నడిపించాను. అతనిది మూడు నిమిషాలు. నాది అదే ఆరు. న్యాయంగా చూసినా నాదే ఓడింది. బాధేసింది, దాచుకోను. కానీ ఆ ఓటమిని ఒప్పుకోగలను. నలభై సెకన్లని రాసి పంపితే మాత్రం మిగతా ఆఫీసులు ఆ వేగానికి ఆశపడి సెట్టింగు ముట్టుకోవు, జానెడు తప్పుతోనే రాళ్లు పాతుతాయి. విమానాశ్రయం వచ్చాక ఈ చుట్టుపక్కల జానెడు నేలకు తలలు పగులుతున్నాయి. మూడు నిమిషాలని రాయమని యజమానిని అడిగాను.

"ఎట్లైనా నువ్వే ఓడినవ్ గదమ్మా. మూడు నిమిషాలైతేంది, నలభై సెకన్లైతేంది?" అన్నాడు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని పక్క సీటాయన నవ్వాడు. ఫలితం రాసిన కాగితం చివరికి నా దగ్గరికే వచ్చింది. ఆ కాగితం కింద 'సరిచూసినవారు' అన్న గడిలో నా సంతకం కావాలి. నలభై సెకన్లను కొట్టేసి మూడు నిమిషాలని రాశాను. జానెడు సంగతి ఒక వాక్యంలో చేర్చాను. నా ప్రోగ్రాం ఓడిందని కూడా నా చేత్తోనే రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

రెండు రోజులకు కాగితం మిగతా ఆఫీసులకు వెళ్లింది. ఒక నకలు నా బల్ల మీదకీ వచ్చింది. శుభ్రంగా కొత్తగా టైపు చేశారు. నలభై సెకన్లు అలాగే ఉన్నాయి. 'సరిచూసినవారు' అన్న గడే లేదు.