జాన్ తల వంచితే

మా రాజాం చర్చిలో ప్రసంగం మొదలైన కాసేపటికే గురక పెట్టే మనిషి ఒక్కరే ఉండేవారు, వెంకటలక్ష్మి. తెల్లారకముందే లేచి బస్టాండు దగ్గర ఇడ్లీలు అమ్మి, అటునుంచి అటే ఆరాధనకు వచ్చే మనిషిని ఏమనగలం? అందుకే వెనక చాప మీద చంటిపిల్లల్ని చూసుకునే పని ఆమెకు అప్పజెప్పాం. పిల్లలుంటే ఆమెకు నిద్ర రాదు. నాలుకతో టక్కుమని చప్పుడు చేసి ఎంత ఏడుపుగొట్టు పిల్లనైనా నవ్వించేది.

2016 వేసవిలో ఆ చాప మీదికి జాన్ వచ్చాడు. వడ్ల కొట్టులో గుమాస్తా బెన్హర్, అతని భార్య షీబా చాలా ఏళ్లు ఎదురుచూస్తే పుట్టిన బిడ్డ. ఆరో నెలలో వాడికొక కొత్త అలవాటు వచ్చింది. నిద్ర లేవగానే తల వంచి, రెండు చేతులూ దగ్గరికి తెచ్చేవాడు. వదిలి మళ్లీ వంచేవాడు. ప్రార్థన చేస్తున్నాడని షీబా మురిసిపోయింది. బెన్హర్ ఫోనులో వీడియోలు తీసి చుట్టాలందరికీ చూపించాడు. ఈ బిడ్డ దేవుని సేవకుడవుతాడని పాస్టరు కృపానిధి గారు వేదిక మీంచే అన్నారు. మేమంతా ఆమెన్ అన్నాం.

వెంకటలక్ష్మి మాత్రం అనలేదు. అప్పుడే పిల్లాడు ఆమె ఒళ్లో నిద్ర లేచాడు. తల వాలింది, చేతులు ముందుకొచ్చాయి. కాస్త ఆగి మళ్లీ, మళ్లీ. ఆమె ఆ చేతులు పట్టుకుంది. పట్టుకున్నా ఆగలేదు. ఆ వరస అయ్యాక పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆమె టక్కుమనిపించింది. నెల కిందట ఆ చప్పుడుకి కిలకిలమన్నవాడు ఆమె వంక చూడనైనా లేదు.

ఆరాధన అవగానే అందరి ముందూ అనేసింది.

"ఒసే షీబా, ఇది ప్రార్థన కాదే. ఆడు సేస్తన్నది కాదు, ఆడికేటో అవుతన్నాది."

షీబా ముఖం మాడిపోయింది. "ఏటత్తా ఆ మాటలు? నీకు పిల్లల్లేరని మా గుంటడ్ని సూసి ఓర్వలేకపోతన్నావా?"

అనకూడని మాట. నాకే ఒళ్లు మండింది. ఇంకొకరైతే చాప దులుపుకుని వెళ్లిపోయేవారు. ఈవిడ మొండిఘటం, కదల్లేదు. కళ్లు తుడుచుకుని, "తర్వాత తిట్టవే, ఎంతైనా తిట్టు. ముందు ఆసుపత్రికి పద. నాకేటీ తెల్దు. ఏటీ కాకపోతే నన్ను ఈ సాప మీంచి గెంటేయండి" అంది.

ఆమెకు ఆ చాప ఎంతటిదో మాకు తెలుసు. పాస్టరు గారు వేదిక దిగి వచ్చి పిల్లాడి తల నిమిరారు. "బెన్హర్, బయల్దేరు. ప్రార్థన దారిలో సేసుకుందాం" అన్నారు.

శ్రీకాకుళంలో పిల్లల డాక్టరు ముందు జాన్ బుద్ధిగా పడుకున్నాడు. ఒక్కసారీ తల వంచలేదు. చూపించడానికి ఏమీ లేక బెన్హర్ ఫోను తీశాడు. ముచ్చటపడి తీసిన ఆ వీడియోలు చూసి డాక్టరు, "ఇవి ఫిట్సే. చంటిపిల్లలకి కాళ్లూ చేతులూ కొట్టుకోకుండా, నురగ రాకుండా ఇలా కూడా వస్తాయి. ఆలస్యమైతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఇవాళే విశాఖ వెళ్లండి" అన్నారు. అక్కడ మెదడు పరీక్ష చేసి, ఆసుపత్రిలో ఉంచుకుని మందులు మొదలుపెట్టారు. కొన్ని వారాలకు ఆ వంగడం ఆగింది. ఎదుగుదల ఎలా ఉంటుందో ముందు ముందు చూడాలన్నారు.

వాళ్లు తిరిగి చర్చికి వచ్చిన ఆదివారం షీబా నేరుగా వెనక్కి నడిచింది. పిల్లాణ్ణి వెంకటలక్ష్మి ఒళ్లో పెట్టి, పక్కనే కూలబడింది.

"తలలు వంచి ప్రార్థన చేద్దాం" అన్నారు పాస్టరు గారు. అందరం వంచాం. వెనక టక్కుమని చప్పుడైంది. ఏమీ లేదు. మళ్లీ టక్కుమంది. అప్పుడు జాన్ నవ్వాడు, చర్చంతా వినిపించేలా.

ఆ నవ్వు ఆగేదాకా పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టలేదు.