తడి సాక్సుల వాసన కోసం విమానమెక్కినాను

నా బిడ్డ హేమ విమానంలో ప్రయాణికులను చూసుకునే పని చేసేది. "ఇంజను ఆన్ చేసినప్పుడు ఒక్కోసారి తడి సాక్సులు ముక్కిపోయిన వాసన వస్తాదమ్మా, ఆ పొద్దంతా తల దిమ్ముగా ఉంటాది" అని ఫోనులో చెప్పేది. పోయిన ఏడు ఊపిరి జబ్బుతో పోయింది. ఇంజను మీదుగా విమానం లోపలికొచ్చే ఆ గాలి వల్లనేనా అని అడిగితే డాక్టర్లు అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఆ గాలి నేనే ఒకసారి పీల్చి చూడాలనిపించింది. హైదరాబాదులో చెల్లెలు ఉండాది కాబట్టి ఆడికే టికెట్టు తీపించుకున్నాను. నెల ముందే తీసినందుకు మూడు వేల లోపే పడింది.

చిత్తూరులో పొద్దున ఆరుకు బస్సెక్కితే ఎనిమిదికి తిరుపతి. బస్టాండు కాడ ఇడ్లీ తిని, రేణిగుంట విమానాశ్రయానికి ఆటో మాట్లాడినాను.

"యాడికి మా, రైలు స్టేషనుకా?"

"విమానానికప్పా."

ఆటో అతను అద్దంలో చూసి నవ్వినాడు. "మొదటిసారా? కిటికీ పక్క సీటని సంబరపడొద్దు మా, అది తెరుచుకుంటే ఒట్టు. వాంతి వస్తే ముందే చెప్పు." నాకూ నవ్వొచ్చింది. విమానం పదకొండుకు. రెండు గంటల ముందు చేరితే తొందర ఉండదు.

విమానమెక్కి కూర్చున్నాక తలుపులు వేసి ఇంజను ఆన్ చేసినారు. తలపైన రంధ్రంలోంచి చల్లగాలితో పాటు ఆ వాసన వచ్చింది. హేమ చెప్పింది చెప్పినట్టే ఉండాది. ఎవరూ తల ఎత్తలేదు, ఫోన్లు చూసుకుంటా ఉండారు. అందరూ బెల్టులు పెట్టుకున్నారా అని చూడను వచ్చిన, విమానంలో పనిచేసే పాపను పిలిచినాను.

"ఏందో వాసన వస్తా ఉండాది పాపా."

"ఏసీ వేసినప్పుడు వస్తుందమ్మా, పోతుంది."

"నా బిడ్డ కూడా నీ పనే చేసేది. ఇట్లాంటి వాసనే వస్తాదని చెప్పేది. నీకు తలనొప్పి లేదా?"

ఆ పాప ముందుకూ వెనక్కూ చూసి గొంతు తగ్గించింది. "ఉందమ్మా, పొద్దున మొదటి ట్రిప్పు నుంచి. ఊరికే చెబుతా ఉంటే నేనే ఈ పనికి పనికిరానంటారు. మీ అమ్మాయి మానేసిందా?"

"లేదు పాపా. పోయింది."

ఆ పాప నేరుగా ముందుకు పోయి గోడకున్న ఫోను తీసింది. నాది రెండో వరస, మాట వినపడింది. "కెప్టెన్, వాసన వస్తోంది. నాకూ తలనొప్పిగా ఉంది."

విమానం కదలకముందే అందరినీ దించినారు.

"ఒకామె ముక్కు కోసం ఇంతమంది కూర్చోవాలా!" అని ఒకాయన అరిచినాడు.

"నీ ముక్కు పనిచేయకపోతే ఆమె ఏం చేస్తాదబ్బా" అన్నాడు పక్కన ముసలాయన.

మూడు గంటలు కూర్చున్నాక వేరే విమానంలో పోయినాము. అందులో పనిచేసే పిల్లలు వేరేవాళ్లు. ఆ పాపను డాక్టరు కాడికి పంపినారని వాళ్లు చెప్పినారు.

ఆ గాలే హేమను తీసుకుపోయిందని నేను రాయడం లేదు, నాకు తెలీదు. ఆ వాసన మాత్రం నా బిడ్డ ఊహ కాదు, అది నాకు తెలిసింది. ఆ పొద్దుకు నాకు అది చాలు. మీరు పోయేటప్పుడు అట్లాంటి వాసన వస్తే సిగ్గుపడకుండా, సీటు నంబరుతో సహా అందులో పనిచేసే పిల్లలకు వెంటనే చెప్పండి. మనం చెబితే ఆ పిల్లలకూ పైవాళ్లకు చెప్పను ధైర్యం వస్తాది. మనం గంటలో దిగిపోతాము. వాళ్లు అదే పొద్దు మళ్లా ఎక్కాల.