బండి జారలేదు

పడిన ఎనిమిదో రోజు పొద్దున బ్రష్ నోటి దాకా రాలేదు. కుడి మోచెయ్యి వంగలేదు. వేళ్లు కదులుతున్నాయి, పిడికిలి బిగుస్తోంది, చెయ్యి మాత్రం పైకి లేవడం లేదు. కాలర్ బోన్ విరిగింది కాబట్టి నొప్పికి అలా ఉందని వారం రోజులుగా సరిపెట్టుకున్నాను. ఆ పొద్దుటికి నొప్పి చాలా తగ్గింది. మరి చెయ్యి ఎందుకు లేవదు? నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. బోరు మోటర్లకు స్టార్టర్లు బిగించడం నా పని. మోటర్ బాగానే ఉండి తిరగకపోతే ముందు వైరు చూస్తాం. నాకూ ఆ అనుమానమే వచ్చింది.

ఎలా పడ్డానో చెప్పాలి. మాది బిజినేపల్లి దగ్గర ఊరు. ఆ రోజు పదిన్నరకు బండి మీద పనికి వెళ్తున్నాను. ఒక మలుపు దాటగానే పోలీసు చెకింగ్. హెల్మెట్ ఉంది, కాగితాలు ఉన్నాయి. ఇండికేటర్ వేసి, స్పీడు తగ్గించి ఎడమకు తీస్తున్నాను. రోడ్డు మధ్యలో ఉన్న కానిస్టేబుల్ నేను ఆగనని అనుకున్నాడేమో, ఒక్క ఉదుటున వచ్చి నా కుడి చెయ్యి పట్టి లాగాడు. బండి ముందుకు పోయింది, చెయ్యి ఆయన దగ్గర ఉండిపోయింది. కుడి భుజం మీద పడ్డాను.

దవాఖానకు తీసుకుపోయింది మా అక్క భర్త యాదగిరి బావ. ఆటో నడుపుతాడు. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ "ఎలా పడ్డారు?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా బావ అందుకున్నాడు. "బండి జారింది సార్. కంకర ఉండె."

"ఎవరైనా గుద్దారా?"

"ఎవ్వరు లేరు సార్. వాడే పడ్డడు."

డాక్టర్ "సెల్ఫ్ ఫాల్ ఫ్రమ్ బైక్" అని రాశాడు. బావ నా వైపు చూసి మాట్లాడొద్దని తల ఊపాడు. పోలీసు పేరెత్తితే దవాఖానలో చెయ్యి వెయ్యరని, ముందు స్టేషన్‌కు పొమ్మంటారని మా వైపు గట్టి నమ్మకం. నేనూ నమ్మాను. ఎడమ చేత్తో సంతకం పెట్టాను. ఎక్స్‌రే తీశారు, స్లింగ్ వేశారు, పంపారు.

మూడో రోజు ఆ కానిస్టేబుల్ అరటిపండ్లు పట్టుకుని ఇంటికి వచ్చాడు. "ఎట్లుంది తమ్మీ? ఆగవనుకున్న. నీ మీద నాకేం పగ?" అమ్మ కుర్చీ వేసి టీ ఇచ్చింది. టీ తాగుతూ గూట్లో ఉన్న దవాఖాన కాగితాల వైపు చూశాడు. "డాక్టర్ ఏం రాసిండు?" అని అడిగాడు. అమ్మ తీసి చూపించింది. చదివి, మడిచి, జాగ్రత్తగా అక్కడే పెట్టి వెళ్లాడు.

"మంచోడే పాపం, పండ్లు తెచ్చిండు," అంది అమ్మ.

"పండ్లియ్యనీకి వచ్చిండా, కాగితం చూడనీకి వచ్చిండా?"

"నీకు అందరి మీద అనుమానమేరా. తిను."

తినలేదు. బావ ఆ అబద్ధం తనంతట తానే చెప్పాడా, ఎవరైనా చెప్పమన్నారా అని కూడా అప్పటినుంచే ఆలోచించడం మొదలుపెట్టాను.

బ్రష్ సంగతి తర్వాత మళ్లీ అదే దవాఖానకు వెళ్తే ఫ్రాక్చర్ వల్లే అన్నారు, మూడు వారాలు ఓపిక పట్టమన్నారు. నేను పట్టలేదు. పదో రోజు బావతో హైదరాబాద్‌లో ఒక న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాను. ఆయన చెయ్యి పట్టి, వంచి, సూదితో గుచ్చి చూసి, కేస్ షీట్ పక్కన పెట్టేశాడు. "పడకముందు ఈ చేతికి ఏమైంది?" అన్నాడు.

బావ నేల చూపులు చూశాడు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను.

"ఇది మొదటి రోజే చెప్పాలి. పడ్డాను అంటే ఎముక చూస్తారు. లాగారు అంటే నర్వ్ చూస్తారు," అన్నాడాయన. కొత్త కాగితం మీద అలాగే రాశాడు.

ఎమ్మారై తీశారు. మూడు వారాలు నిండాక ఎన్సీఎస్, ఈఎంజీ అనే నరాల, కండరాల పరీక్షలు చేశారు. బ్రేకియల్ ప్లెక్సస్ ట్రాక్షన్ ఇంజురీ. మెడ నుంచి చేతికి వచ్చే నరాలు సాగాయి, అదృష్టవశాత్తూ తెగలేదు. "మూడు నెలల్లో బైసెప్స్, అంటే ఈ జబ్బ కండ, కదలకపోతే సర్జరీ. ఆలస్యమైతే నర్వ్ కోలుకున్నా మజిల్ పనికిరాదు," అన్నాడు డాక్టర్.

వనపర్తిలో ఫిజియోథెరపీ మొదలైంది. బలాన్ని సున్నా నుంచి ఐదు దాకా గ్రేడ్ చేస్తారు. నాది సున్నా. "నువ్వు మోటర్లకు కరెంటిస్తవు, నేను నీకిస్త," అని ఫిజియో మేడం స్టిములేషన్ పెట్టేది. రెండో నెలలో ఏమీ మారలేదు. వీళ్లు ఊరికే ఆశ పెడుతున్నారని పది రోజులు మానేశాను. భుజం బిగుసుకుపోయింది. అది నా తప్పే. పదకొండో వారంలో ఆమె నా జబ్బ మీద వేళ్లు ఆనించి "ఆగు, మళ్ల జేయ్" అంది. చర్మం కింద చిన్న అదురు. గ్రేడ్ వన్. సర్జరీ తప్పింది.

ఆ నెలలోనే, కదులుతున్న బండ్లను పోలీసులు ఎలా ఆపాలనే నిబంధనను సమీక్షించడానికి మా వైపు పౌరుల కమిటీ ఒకటి కూర్చుంది. దెబ్బ తిన్నవాళ్లు వచ్చి చెప్పవచ్చన్నారు. కాగితాలన్నీ పట్టుకుని వెళ్లాను. కమిటీలో ఉన్న రిటైర్డ్ హెడ్మాస్టరమ్మ కళ్లజోడు సర్దుకుని చదివింది.

"సెల్ఫ్ ఫాల్ అని ఉంది కదా నాయనా?"

న్యూరాలజిస్టు కాగితం చూపించాను. "ఇది పది రోజుల తర్వాత నువ్వు చెప్పింది," అంది. పక్కనున్న అధికారి అవునన్నట్టు తల ఊపాడు. ఈ జవాబు ముందే అనుకుని వచ్చారనిపించింది. నా మాట లెక్కలోకి రాకుండా పోతోంది.

తలుపు దగ్గర కూర్చున్న బావ లేచాడు. "మేడం, గా మాట రాయించింది నేను. నా బామ్మర్ది కాదు."

"ఎవరైనా చెప్పమన్నారా?"

"ఎవ్వరు చెప్పలే. ఆటోవోణ్ని మేడం. దినాం గా రోడ్డు మీదనే పోవాలె, గా సార్లకే దండం పెట్టాలె. భయమైంది. ఇప్పుడు గూడ భయమే. కానీ నా నోటిమాటకు పది దినాలు వీని చెయ్యిని ఎవ్వరు చూడలే."

ఆమె ఆ మాటలు రాయించి, ఆయనతో సంతకం పెట్టించుకుంది. నేను బావ వైపు చూడలేకపోయాను.

కదులుతున్న బండి మీది మనిషిని చేత్తో గానీ లాఠీతో గానీ ఆపకూడదు, నంబర్ రాసుకోవాలి అని ముసాయిదాలో చేర్చారట. "పైకి పంపాం" అన్నారు. ఉత్తర్వు నా కళ్లతో చూసేదాకా నమ్మను. ఆ తర్వాత బావ ఆటోను రెండుసార్లు ఆపి కాగితాలన్నీ చూశారు. "ఊకె ఆపిండ్రు తియ్," అంటాడు. నేను తేదీలు రాసి పెట్టుకున్నాను.

ఇప్పుడు పది నెలలు. బైసెప్స్ గ్రేడ్ ఫోర్. చెయ్యి భుజం ఎత్తుకు లేస్తుంది, అంతకు పైకి లేవదు. ఛాతీ ఎత్తులో ఉన్న స్టార్టర్లు నేనే బిగిస్తాను.

మీకు చెప్పేది ఒకటే. క్యాజువాలిటీ కాగితంలో "హిస్టరీ" అనే గడి ఉంటుంది, దెబ్బ ఎలా తగిలిందో అందులో రాస్తారు. సంతకానికి ముందు దాన్ని చదివి వినిపించమనండి. ఎవరు లాగారు, ఏది తగిలింది, చెయ్యి ఎటు మెలిపడింది, అన్నీ చెప్పండి. పోలీసు పేరు చెప్పినా అత్యవసర వైద్యం ఆపకూడదు, అది వాళ్ల బాధ్యత. తోడు వచ్చినవాళ్లు మీ మీద ప్రేమతోనే భయపడతారు. అందుకే, స్పృహ ఉంటే జవాబు మీరే చెప్పండి.