వీపు మీద చరుపు

సాంచాల మధ్య మనిషిని పిలవాలంటే నోరు పనికిరాదు. అన్ని మరమగ్గాలు ఒకేసారి ఆడుతుంటే సొంత గొంతు సొంత చెవికే వినబడదు. అందుకే సూరత్‌లో మేం పనిచేసిన మిల్లులో పిలుపంటే వీపు మీద చరుపు. టీ వచ్చిందంటే మెత్తగా, దారం అయిపోతే కాస్త గట్టిగా, ప్రమాదమంటే శక్తికొద్దీ. ఇది నాకు నేర్పింది మా బావ, మా అక్క మొగుడు. నన్ను ఈ పనిలో పెట్టింది కూడా అతనే. పక్కపక్క మగ్గాల దగ్గర ఏళ్ళ తరబడి ఒకరి వీపు ఒకరం చరుచుకుంటూ బతికాం.

మిల్లులో కెమెరాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఏదైనా పోతే తప్ప ఆ వీడియోలు ఎవరూ చూసేవారు కాదు. తర్వాత మిల్లు యజమాని సేటు అల్లుడు వచ్చి, దాచిన వీడియోలన్నీ క్లౌడ్‌కు పంపే ఏర్పాటు చేశాడు. ఎక్కడో ఉన్న కంప్యూటర్లు వాటిని చూసి, ఏ వీడియోలో ఏ వస్తువుంది, ఎవడు పని చేస్తున్నాడు, ఎవడు ఊరికే నిలబడ్డాడు అని రాసి పంపుతాయట. సేటు మురిసిపోయాడు. నిద్రపోని, టీ అడగని కాపలావాడు దొరికాడు మరి!

ఒక మధ్యాహ్నం బావ వంగి తెగిన పోగు కడుతున్నాడు. మెడలోని తువ్వాలు జారి, దాని కొస తిరుగుతున్న మోటారు బెల్టు మీదికి వేలాడుతోంది. అతనికి తెలియదు. ఉరికి వెళ్ళి, వీపు మీద ఒక్కటి చరిచి, చొక్కా పట్టి వెనక్కి లాగాను. తూలి గోడకు తగిలి, నా వైపు కోపంగా చూశాడు. ఇంతలో నా మగ్గం ఆగిపోయింది, అటు పరిగెత్తాను. తర్వాత చెబుదామనుకున్నాను. గట్టి చరుపుకు అర్థం నేర్పినవాడికి మళ్ళీ నేను చెప్పేదేముందిలే అని ఊరుకున్నాను.

కొన్నాళ్ళకు మా ఇద్దరినీ ఆఫీసుకు పిలిచారు. అల్లుడి ఫోన్‌లో ఆ వీడియో ఉంది. దాని కింద క్లౌడ్ రాసిన మాటలు చదివి వినిపించాడు: మనిషి, మనిషి, యంత్రం, గుడ్డ, కొట్లాట. బట్టల మిల్లులో గుడ్డ ఉందని కనిపెట్టిన ఆ తెలివికి దండం పెట్టాలి! కెమెరా పక్కవైపు, పైన ఉంది. తువ్వాలు కొస అవతలి వైపు, బావ ఒంటి చాటున ఉండిపోయింది.

జరిగింది నాకొచ్చిన హిందీలో చెప్పాను. సేటు విసుక్కున్నాడు.

“మషీన్ ఝూట్ బోలేగా క్యా?”

మిషను అబద్ధమెందుకు చెబుతుంది? దానికి మా మీద పగ లేదు కాబట్టి దాని మాటే నిజం. నేను బావ వైపు తిరిగాను.

“బావా, నువ్వన్న చెప్పు. ఎందుకు గుంజిన్నో జర చెప్పు.”

బావ ఆ వీడియో మళ్ళీ వేయించుకుని చూశాడు. సాంచాల చప్పుడు లేని ఆ బొమ్మలో పళ్ళు కొరుకుతూ చెయ్యెత్తిన నా ముఖం నాకే భయం పుట్టించింది. కొద్దిరోజుల ముందే మేముండే వడోద్‌లో మా గదుల దగ్గర నల్లా నీళ్ళ మీద మా ఇద్దరికీ మాటామాటా పెరిగింది. అది అతనికి గుర్తొచ్చిందని ముఖం చూస్తేనే తెలిసింది.

“నాకేం దెల్సు? ఎన్కనుంచి గదా నువ్వు కొట్టింది. తువ్వాల సంగతి నేను జూడలే,” అన్నాడు.

కొట్టాడా అని సేటు హిందీలో అడిగాడు. బావ తలూపాడు. ఆ రోజుతో నా పని పోయింది.

మంచికి పోతే చెడ్డ ఎదురైందని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు సూరత్ పక్కనే ఉన్న సచిన్ అనే ఊళ్ళో ఇంకో మిల్లులో చేస్తున్నాను. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకామె. నా ఏడుపూ అదే. మిల్లు గుమ్మమే తొక్కని కంప్యూటరుకు నా చెయ్యి తెలియకపోవచ్చు. ఇన్నేళ్ళు దాన్ని మోసిన వీపుకు తెలియదా? బావను నేను ఇప్పటికీ క్షమించలేదు.

మొన్న అక్క పట్టుబట్టి భోజనానికి పిలిచింది.

“ఎన్ని దినాలు గిట్ల మొకాలు మాడ్చుకుంటరు? మీ బావను పిలువు పో, ఆయనకు చెవులు ఇనవడయి,” అంది.

బావ వరండాలో అటు తిరిగి నిలబడ్డాడు. వెనకనుంచి వెళ్ళాను. అలవాటు కొద్దీ చెయ్యి లేచింది. నా నీడ గోడ మీద పడగానే ఉలిక్కిపడి తిరిగాడు. వీపు గోడకు ఆనించి, నా చేతివంకే చూస్తున్నాడు.

“అక్క బువ్వకు రమ్మంటుంది,” అని అరిచి చెప్పాను.

నేను ముందు నడిచేదాకా అతను గోడ వదల్లేదు.