సగంలో ఆగిన మాట

పెద్ద ఇంగ్లీషు మాట కనబడితే బాబాయి దాన్ని విప్పకుండా వదలడు. విప్పుతున్నంతసేపూ వినేవాళ్ల మణికట్టూ వదలడు. నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన వేళ్లు, పట్టాయంటే ఉడుంపట్టే. ఆయనొస్తే చుట్టాలంతా చేతులు వెనక్కి దాచుకునేవారు. పోస్టుమాన్ ఓసారి నోరుజారి 'అక్నాలెడ్జ్‌మెంట్' అన్నాడు. ఆ రోజు వీధికి ఉత్తరాలు సాయంత్రం అందాయి. మర్నాడు పోస్టుమాన్ డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. బాబాయి దెబ్బేనని అందరూ నవ్వుకున్నారు.

అలాంటి మనిషిని ఆస్పత్రికి తోడు తెచ్చుకున్నందుకు అన్నకూతురు తనని తానే తిట్టుకుంది. బస్సు డ్రైవరు ఉద్యోగానికి అన్నీ నెగ్గింది. మిగిలింది వైద్యపరీక్షే. నర్సు గోడగడియారం చూస్తూ నాడి పట్టి పెదవి విరిచింది.

"నూట ఇరవై ఎనిమిది. వంద దాటితే డాక్టరుగారు సంతకం పెట్టరు. అరగంట కూర్చుని రామ్మా. ఇదే ఆఖరుసారి."

చేతిలో పెట్టిన కాగితం మీద ఒకటే మాట: టాకీకార్డియా.

"బాబాయ్, నాకేదో రోగం!" కాగితం ఆయన ముందుకు తోసింది.

బాబాయి కళ్లు మెరిశాయి. మణికట్టు దొరికిపోయింది.

"గ్రీకు మాట తల్లీ. టాకీ అంటే వేగం. బస్సులో ఇంజను జోరు చూపించే ముల్లుంటుందే, దాని పేరేంటి?"

"టాకోమీటరు. ఇప్పుడవసరమా బాబాయ్? అరగంటే ఉంది!"

"దానికీ దీనికీ చుట్టరికం. ఆగిన బండిలో ముల్లు పైకి లేస్తే ఇంజను చెడ్డట్టా?"

"కాదు. ఎవరో యాక్సిలరేటరు తొక్కుతున్నట్టు."

"ఎవరూ?"

ఆమె కిందికి చూసుకుంది. తన కుడికాలు నేలని నొక్కిపట్టి ఉంది. మెల్లగా తీసింది.

ఆయన ఇంజన్లలోంచి గేర్లలోకి, గేర్లలోంచి గడియారం చక్రాల్లోకి తాపీగా దిగాడు. ఆమెకి ఆవలింత వచ్చింది.

"ఇక కార్డియా అంటే..." ఠక్కున ఆగి, చెయ్యి వదిలేశాడు. "లే, వెళ్లు. ఇప్పుడే!"

మాటని సగంలో వదలడం ఆయన చరిత్రలో లేదు.

"ఎనభై నాలుగు," అంది నర్సు, ఆశ్చర్యంగా.

"నాకు ఎనభై ఆరొచ్చిందే," గుమ్మంలోంచి బాబాయి గొణిగాడు. "మీ గోడగడియారం ఉరుకుతోందమ్మా. టాకీకార్డియా దానికుంది."

అప్పుడు వెలిగింది ఆమెకి, ఇన్నేళ్లూ ఆ వేళ్లు ఏం లెక్కపెడుతున్నాయో, పోస్టుమాన్‌ని డాక్టరు దగ్గరికి తరిమిందెవరో.

సంతకమైన కాగితంతో బయటికొచ్చి, తనే మణికట్టు చాచింది.

"కార్డియా అంటే ఏంటి బాబాయ్?"