మేస్త్రమ్మ తెచ్చిన నాలుగో మెషీను

మంగళవారం పొద్దున పదిన్నరకి మేస్త్రమ్మ ఇంట్లో మూడో మెషీను చచ్చింది. ఊరికే చావలేదు. కడుపులో నాలుగు దుప్పట్లు పెట్టుకుని, స్పిన్ మొదలవగానే రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు గోల చేసి, వంటింటి గోడ దాకా నడిచి వెళ్ళి, అక్కడ తల కొట్టుకుని మరీ చచ్చింది.

"మళ్ళీ పోయిందా?" మధ్య గదిలో మంచం మీంచి అత్తగారు అడిగింది.

"పోలేదత్తయ్యా, కాస్త ఆయాసం తీర్చుకుంటోంది," అంది మేస్త్రమ్మ. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

మేస్త్రమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఇరవై రెండేళ్ళు ఒక పెద్దాసుపత్రి లాండ్రీలో, ఉతికే విభాగానికి పెద్దగా చేసింది. మనిషెత్తు మెషీన్లు ఎనిమిది, రోజుకి రెండు వేల దుప్పట్లు. నడుస్తున్న మెషీను తలుపు మీద అరచెయ్యి పెట్టి, దీని బేరింగు ఇంకో పది రోజులు అని చెప్పేది. పదకొండో రోజు దాకా ఏ బేరింగూ ఆగలేదు. అక్కడివాళ్ళు పెట్టిన ఆ పేరు ఆవిడ వెంట ఇంటికొచ్చింది. కట్టుకున్నవాడు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాడు. ఆయన ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు నడిపి, ఇంట్లో మాత్రం ఏనాడూ స్టీరింగు ముట్టుకోని మనిషి.

ఐదేళ్ళ కిందట అత్తగారు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగి మంచాన పడింది. ఆ నెలలోనే మేస్త్రమ్మ ఉద్యోగం మానేసింది. చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. ఇదే చుట్టాలు ఇరవై ఏడేళ్ళ ముందు, రోగుల గుడ్డలు ఉతికే పనికి కోడల్ని పంపిస్తావా అని అదే ముక్కున అదే వేలేసుకున్నారు. అప్పుడు ఈ అత్తగారే గుమ్మంలో నిలబడి, "రోగుల గుడ్డలు ఉతికితే మురికి పోతుంది గానీ పరువు పోదు. పిల్లల్ని నేను చూసుకుంటా, నువ్వెళ్ళవే," అంది. ఇద్దరు పిల్లలూ ఆ ఒళ్ళోనే పెరిగారు. మేస్త్రమ్మ మంచీ మర్చిపోదు, చెడూ మర్చిపోదు. ఆవిడతో చిక్కంతా అదే.

మెషీను పోయిన కబురు గంటలో మరిదికి చేరింది. అతను బీమా కంపెనీలో పనిచేస్తాడు. జేబులో ఎప్పుడూ ఏదో ఒక రంగుల కాగితం ఉంటుంది. ఈ ఏడాదంతా ఆ కాగితం ముసలివాళ్ళని ఉంచే ఒక హోముది.

"మూడోది కూడానా వదినా?" అన్నాడు ఫోన్లో. "ఇంక చాలు. హోములో మంచం ఒకటి ఖాళీ అయింది. రోజుకి నాలుగు దుప్పట్లు చేత్తో ఎన్నాళ్ళు ఉతుకుతావు? నీక్కూడా యాభై ఎనిమిదొచ్చాయి. ఆదివారం వస్తా, అన్నయ్య సంతకం పెడితే అయిపోతుంది."

"ఆదివారం లోపల మెషీనొస్తుంది."

"వచ్చినా ఏడాదికి మళ్ళీ పోతుంది. ఐదేళ్ళలో మూడు!"

"పోని మెషీనే తెస్తా. తేలేకపోతే నువ్వు చెప్పినట్టే కానియ్యి."

అనేశాక నాలుక కరుచుకుంది. మధ్య గది తలుపు తీసే ఉంది. అత్తగారికి కాళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు.

మధ్యాహ్నం మేస్త్రమ్మ చచ్చినదాన్ని పెరట్లోకి ఈడ్పించింది. ముందు రెండింటినీ కొత్తది కొన్నప్పుడు కొట్టువాళ్ళే పట్టుకుపోయారు, లోపల ఏముందో చూసే పని పడలేదు. ఇప్పుడు చూడాలి. భర్త పానాలు అందిస్తుంటే వెనక రేకు విప్పింది. ప్లాస్టిక్ టబ్బుకి ఎక్కడా స్క్రూ లేదు, రెండు చిప్పలూ కలిపి అతికించేశారు. అంటే లోపల ఏ చిన్న ముక్క పోయినా మొత్తం పారెయ్యాల్సిందే. మండింది ఆవిడకి. రంపం తెప్పించి టబ్బుని అడ్డంగా కోయించింది.

డ్రమ్ము వెనక మూడు చేతుల అల్యూమినియం చట్రం ఉంటుంది, డ్రమ్ముని మోసేది అదే. దాని ఒక చెయ్యి చెదలు తిన్న కర్రలా పొడిపొడిగా ఊడి చేతిలోకొచ్చింది. చట్రం నిండా తెల్లటి జిగురు. మేస్త్రమ్మ ఆ జిగురు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి, అలాగే గొంతుక్కూర్చుండిపోయింది.

"ఏమైంది?" అన్నాడు భర్త.

"సబ్బండీ. మిగిలిపోయిన సబ్బు. ఐదేళ్ళుగా నేను పోస్తున్న సబ్బే మూడింటినీ తినేసింది."

ఆసుపత్రిలో తడిసిన దుప్పట్లకి రెండింతలు సబ్బు వెయ్యాలన్నది నియమం. ఆ చెయ్యి అలవాటు ఇంటికి తెచ్చుకుంది. ఇంట్లో వాసన రాకూడదని, వచ్చిన వాళ్ళెవరూ అత్తగారి గదిలో ముక్కు మూసుకోకూడదని, ఇంకో చెంచా ఎక్కువే పోసింది. కానీ అక్కడి మెషీను ఐదుసార్లు జాడిస్తుంది. ఇంటిది రెండుసార్లు జాడించి చేతులు దులుపుకుంటుంది. సబ్బులో తలపండిన మనిషి సబ్బుతోనే మూడు మెషీన్లని చంపింది. వేరే ఎవరైనా అయితే ఈ సంగతి పెరట్లోనే పాతిపెట్టేవారు.

"మీ తమ్ముడికి కూడా చెప్తా," అంది లేచి. "తప్పు నాది సగం, ఈ అతుకుల టబ్బుది సగం. నా సగం నేను దిద్దుకుంటా. ఆ సగం ఉన్న మెషీను మాత్రం ఇంక గడప తొక్కదు."

బుధవారం షోరూముకి వెళ్ళింది. అక్కడి కుర్రవాడు టై కట్టుకుని, అద్దం తలుపుల మెషీను ముందు నిలబడి, ఫోనుతో నడుస్తుందనీ, ఆవిరి పడుతుందనీ, పని అయిపోగానే పాట పాడుతుందనీ చెప్పుకుపోయాడు. మేస్త్రమ్మ తలుపు తీసి, డ్రమ్ము అంచు పట్టుకుని పైకీ కిందకీ ఊపింది.

"అమ్మా, అలా లాగకూడదు!"

"నేను లాగితేనే ఊగేది, తడి దుప్పట్లు లాగితే ఏమవుతుంది? టబ్బు విప్పడానికి వస్తుందా, అతికించేశారా?"

కుర్రవాడికి తెలియదు. "పదేళ్ళ వారంటీ అండీ," అన్నాడు.

"దేనికి?"

"మోటారుకి."

"మోటారు పోయిందని ఏడ్చినవాళ్ళని ఎక్కడైనా చూశావా నాయనా? పోయేవి బేరింగులు. పోనిదానికి పదేళ్ళు, పోయేదానికి ఏడాది. పాట మాత్రం బాగుంది."

పైన పటారం, లోన లొటారం. ఇంకో రెండు కొట్లు తిరిగినా అదే తంతు.

ఈలోగా దుప్పట్లు చేత్తోనే ఉతుకుతోంది. వేళ్ళ సందులు పగిలి సబ్బు తగిలితే చురుక్కుమంటోంది. అయినా ఒక సంతోషం. బుధవారం మూడే దుప్పట్లు తడిశాయి, గురువారం రెండు, శుక్రవారం ఒకటి. "చూశారా, అత్తయ్య ఒళ్ళు కుదుటపడుతోంది," అని భర్తకి గొప్పగా చెప్పింది.

శుక్రవారం ఊరి చివర గోడౌనుకి వెళ్ళింది. హోటళ్ళకీ హాస్టళ్ళకీ లాండ్రీ మెషీన్లు అమ్మే చోటు. ఓనరు కళ్ళద్దాలు నుదుటికెత్తి, ఆవిడ చేతిసంచి చూసి, "ఏ హోటలమ్మా?" అన్నాడు.

"ఇల్లు."

"ఇళ్ళకి అమ్మం. ఇంట్లో పెడితే కంపెనీ వారంటీ చెల్లదు. రేపు ఏదైనా అయితే మా మీద పడతారు."

మేస్త్రమ్మ వింటూనే లోపలికి నడిచింది. పెద్దవాటి జోలికి పోలేదు. వాటిని కాంక్రీటులో బోల్టులు దింపి బిగించాలి, ఇంటి కరెంటు చాలదు. వాటిని తీసుకెళ్తే గుడ్డలతోపాటు గోడలు కూడా ఉతికేస్తాయి. మూలన ఒకటి కనిపించింది. హాస్టళ్ళలో పెట్టేది, ఇంటి మెషీను కంటే కాస్తే వెడల్పు గానీ బరువు రెండింతలు. నాలుగే మీటలు. ముందు వైపు నాణేలు వేసే కంత.

"దీని వెనక రేకు విప్పించండి."

"ఎందుకమ్మా?"

"పెళ్ళిచూపులకొచ్చి పిల్ల మొహం చూడకుండా వెళ్తారా?"

నవ్వుకుంటూ విప్పించాడు. టబ్బు స్టీలుది, చుట్టూ బోల్టులు. బేరింగు వెనక నుంచే మార్చుకోవచ్చు. జాడింపులు రెండు నుంచి ఐదు దాకా పెంచుకోవచ్చు. డ్రమ్ము అంచు పట్టుకుని ఊపింది. డ్రమ్ము కదల్లేదు, ఆవిడే కదిలింది.

"ఇది కావాలి. ఆదివారం పొద్దున్నకి ఇంటికి రావాలి."

"చెప్పాను కదమ్మా, వారంటీ ఉండదు. బేరింగు పోతే ఎవరు చూస్తారు?"

"నేను చూస్తా. మీ కంపెనీ వాళ్ళు పుట్టకముందు నుంచి చూస్తున్నా. కాగితం మీద రాసుకోండి, దీనికి వారంటీ నేనే."

ఆయన కళ్ళద్దాలు దించుకుని, ఈసారి చేతిసంచి వదిలేసి, పగిలిన ఆ చేతుల వంక చూశాడు. రసీదు పుస్తకం తీశాడు. మేస్త్రమ్మ రెండు చేతుల బంగారు గాజులూ ఆ మర్నాడు కనపడలేదు.

శనివారం మధ్యాహ్నం అత్తగారి పక్క సర్దుతూ మంచం పక్కనున్న కిటికీలో పూలకుండీ చూసింది. కుండీ నిండా నీళ్ళు, మట్టి బురదై కింద పళ్ళెంలోకి పొర్లుతోంది. తను వారంగా దానికి చుక్క నీళ్ళు పొయ్యలేదు. పక్కనే గ్లాసు, ఖాళీగా. అత్తగారి మొహంలోకి వంగి చూసింది. పెదాలు తొక్కలు లేచి ఉన్నాయి. నాలుక ఎండిపోయి ఉంది.

"ఎప్పట్నించి అత్తయ్యా?"

ముసలావిడ గోడవైపు చూసింది. "మంగళవారం నుంచి."

"బుద్ధుందా మీకు? నీళ్ళు తాగకపోతే ప్రాణం పోతుంది!"

"నువ్వు చిన్నాడితో పందెం కాశావుగా. నా వంతు నేనేదో చెయ్యొద్దూ? దుప్పట్లు తగ్గితే, మెషీను రాకపోయినా నువ్వు నెగ్గుతావనుకున్నా." కోడలి వేళ్ళు పట్టుకుని తిప్పి చూసింది. "నీ చేతులు చూశానే."

మేస్త్రమ్మకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఒళ్ళు కుదుటపడుతోందని తను సంబరపడింది తలుచుకుంటే సిగ్గేసింది. ఆసుపత్రిలో ఇన్నేళ్ళు పనిచేసి, ఎండిన దుప్పటి వెనక ఎండిన గొంతుని చూడలేకపోయింది. మంచం మీద కూర్చుని, మెడ కింద చెయ్యేసి లేపి, గ్లాసు నోటికి ఆనించింది. ముసలావిడ సగం తాగి మూతి తిప్పేసింది.

"మిగతాది మెషీనొచ్చాక. దాని చప్పుడు విన్నాక తాగుతా."

ఎంత తిట్టినా, బతిమాలినా అంతే. సాయంత్రం దాకా గంట గంటకీ చెంచాతో పట్టాల్సి వచ్చింది. ఈ మొండితనం మేస్త్రమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు, ఇక్కడే నేర్చుకుంది.

ఆదివారం పొద్దున్న లారీ ముందొచ్చింది, వెనకే మరిది స్కూటరు. మెషీనుని నలుగురు మోసుకొచ్చి వంటింటి వెనక గుమ్మం దగ్గర ఆగిపోయారు. రెండు వేళ్ళ వెడల్పు తక్కువ. మేస్త్రమ్మ గుమ్మం కొలవనే లేదు. లాండ్రీలో తలుపులు బండ్లు పట్టేంత ఉంటాయి, అక్కడ ఎవరూ దేన్నీ కొలవరు.

"చూశావా వదినా, గుమ్మమే వద్దంటోంది," అన్నాడు మరిది, కాగితాలతో విసురుకుంటూ. "పంతాలకి పోకు. అమ్మ నాకూ అమ్మే. అక్కడ నర్సులుంటారు."

"నర్సులుంటారు. నేనుండను," అంది మేస్త్రమ్మ. "ఏమండీ, గునపం తెండి."

"గునపమా?" అన్నాడు భర్త.

"గుమ్మం మళ్ళీ పెట్టించుకోవచ్చు. మీ అమ్మని మళ్ళీ తెచ్చుకోలేం."

ఆయన ఒక్క క్షణం తమ్ముడి చేతిలో కాగితాల వంకా, మధ్య గది వంకా చూశాడు. తర్వాత గునపం తెచ్చి, తనే మొదటి పోటు పొడిచాడు. పెళ్ళయిన ముప్ఫై ఆరేళ్ళలో ఆ ఇంట్లో ఆయన స్టీరింగు పట్టుకోవడం అదే మొదలు. చెక్క ఊడింది, సున్నం రాలింది, మెషీను లోపలికొచ్చింది.

ఒక కాలు కొంచెం ఎత్తుగా ఉండి మెషీను ఊగుతోంది. మరిదికి చేతులూరుకోలేదు, హోము కాగితం నాలుగు మడతలు పెట్టి కాలి కింద దోపబోయాడు.

"తియ్యి. రేపటికి నలిగిపోతుంది," అంది మేస్త్రమ్మ. పానాతో కాలు తిప్పి, పైన నీళ్ళ గిన్నె పెట్టి, నీళ్ళు సమంగా నిలిచేదాకా బిగించింది. తర్వాత చెంచా తీసి, మరిది కళ్ళ ముందే సబ్బు కొలిచింది. "మూడింటినీ చంపింది నేనే. సబ్బు ఎక్కువ పోసి. చూడు, ఇకపై ఇంతే."

అతను నాణేల కంతలో వేలు పెట్టి చూసి, "మరి ఈ కంతలో డబ్బులెవరెయ్యాలి?" అన్నాడు.

"వచ్చిపోయే చుట్టాలు."

మెషీను నిండి, తిరిగి, జాడించి, స్పిన్ అందుకుంది. నేల సన్నగా అదిరింది. మెషీను ఉన్నచోటు నుంచి వెంట్రుకంత కదల్లేదు. మేస్త్రమ్మ తలుపు మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది.

మధ్య గదిలోంచి గొంతు వినిపించింది. "ఏమే, తిరుగుతోందా?"

"తిరుగుతోందత్తయ్యా."

"నడవట్లేదుగా?"

"నిలబడే తిరుగుతోంది."

"అయితే నీళ్ళియ్యండర్రా," అంది ముసలావిడ.

భర్త నెమ్మదిగా తమ్ముడికి చెప్పాడు, అమ్మ ఐదు రోజులుగా నీళ్ళు పారబోస్తోందని, ఎందుకో కూడా. మరిది చేతిలో కాగితాలు గట్టు మీద పెట్టేసి, చెంబు తీసుకుని, గ్లాసు నింపుకుని లోపలికి వెళ్ళాడు. తల్లి తల కింద చెయ్యేసి లేపాడు. ఆవిడ గ్లాసు దించకుండా చివరి చుక్క దాకా తాగి, ఊపిరి తీసుకుని, ఖాళీ గ్లాసు కొడుక్కిచ్చింది.

"ఇంకోటి పొయ్యరా. ఈసారి పెద్ద గ్లాసులో."